తెరమీది బిడ్డ, ఇంట్లోని బిడ్డ
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం ముగిసి, వంటశాలవైపు నుంచి పులిహోర తాలింపు వాసన వస్తూ ఉండగా ఉపన్యాసం వినవలసి రావడం ఎంత కష్టమో నాకు తెలియనిది కాదు. కార్యదర్శిగారు మాత్రం, “సినిమాల మీద ఏదైనా చెప్పండి, జనం కదలకుండా కూర్చుంటారు” అన్నారు. సరే, సినిమాల మీదనే చెబుతాను. అయితే నేను చెప్పబోయేది పాటలను గురించీ కాదు, తారలను గురించీ కాదు. మాట తడబడే బిడ్డను, చేయి చెప్పినట్టు వినని బిడ్డను, నడక కుదరని బిడ్డను వెండితెర ఎట్లా చూపించిందన్నది నా విషయం. వైద్యులు దీనిని సెరిబ్రల్ పాల్సీ అంటారు. తెలుగులో మస్తిష్క పక్షవాతం అని రాస్తున్నారు. పేరు భయంకరంగా ఉన్నది గాని, సంగతి తెలుసుకుంటే అంత భయపడవలసినది కాదు.

బిడ్డ పుట్టకముందో, పుట్టే వేళనో, పుట్టిన కొద్దికాలానికో, ఎదుగుతూ ఉన్న మెదడుకు దెబ్బ తగిలితే ఈ స్థితి కలుగుతుంది. నెలలు నిండకుండా పుట్టడం, కడుపుతో ఉన్నప్పుడు తల్లికి సోకిన కొన్ని వ్యాధులు, పుట్టిన బిడ్డకు ముదిరిన పచ్చకామెర్లు, మెదడుకు ప్రాణవాయువు అందకపోవడం ఇందుకు కారణాలలో కొన్ని. వెయ్యి జననాలలో రెండు మూడింట ఇది కనబడుతుందని లెక్క. అంటుకునేది కాదు. మెదడుకు తగిలిన ఆ దెబ్బ రోజురోజుకూ ముదిరేదీ కాదు. ముఖ్యమైన మాట మరొకటి: వీరిలో దాదాపు సగంమందికి బుద్ధిలో ఏ లోటూ ఉండదు. లోపల మాట సిద్ధంగానే ఉంటుంది. పెదవి, నాలుక, గొంతు సహకరించవు, అంతే. మిగిలిన సగంమందికి బుద్ధి ఎదుగుదలలో కొంత వెనుకబాటు ఉండవచ్చు. అయినంత మాత్రాన వారికి కోపమూ సంతోషమూ సిగ్గూ లేవని ఎవరూ అనుకోరాదు.

దీనిని మొట్టమొదట వివరంగా వర్ణించినవాడు లండనులోని విలియం జాన్ లిటిల్ అనే వైద్యుడు. 1860 ప్రాంతాల మాట. చాలాకాలం దీనిని లిటిల్ వ్యాధి అనేవారు. ఆయనకు కూడా చిన్ననాటి జబ్బువల్ల ఒక పాదం వంకర. చిత్రమేమంటే, ఆయన తన పత్రంలో ఒక నాటక పాత్రను ఉదాహరణగా తీసుకున్నాడు. షేక్‌స్పియర్ మహాకవి సృష్టించిన మూడవ రిచర్డు రాజు! నెలలు నిండకుండా పుట్టి, వంకర దేహంతో, ఆ వంకర మనసులోకి కూడా పాకినట్టు దుర్మార్గాలు చేసే రాజు ఆయన. ఆ నాటకం రంగస్థలం మీద నాలుగు వందల ఏళ్ళు ఆడింది. 2012లో ఇంగ్లండులోని లెస్టర్ పట్టణంలో ఆ రాజు ఎముకలు బయటపడినవి. వెన్ను పక్కకు వంగి ఉన్నమాట నిజమే. నాటకంలోని ఎండిపోయిన చేయికి మాత్రం జాడ కనిపించలేదు. దుర్మార్గుణ్ణి చూపడానికి కవికి ఆ చేయి అవసరమైంది కాబోలు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? మన మంథరకు గూని. మన నాటక సమాజాలలో శకునికి కుంటినడక పెట్టని నటుడు అరుదు. కానీ మనకు అష్టావక్రుడు కూడా ఉన్నాడు. తల్లి గర్భంలో ఉండగానే తండ్రి కహోడుని వేదపఠనంలో తప్పు ఎత్తిచూపి, ఆ తండ్రి శాపంవల్ల ఎనిమిది వంకరలతో పుట్టినాడు. జనకుని సభకు వెళ్ళి, తన తండ్రిని వాదంలో ఓడించిన వందిని తాను ఓడించినాడు. ఇంత గొప్ప కథ ప్రపంచ వాఙ్మయంలో వెతికినా దొరకదని నా నమ్మకం. పుట్టుకతో వచ్చిన వంకర, చెక్కుచెదరని బుద్ధి, ఆ దేహాన్ని చూసి తక్కువ చేసిన సభ, ఆ సభలో గెలుపు, అన్నీ ఉన్నవి. అయితే భారతంలో ఆ కథ అక్కడితో ఆగలేదు. తండ్రి మాట మీద సమంగా నదిలో మునిగి లేచేసరికి వంకరలన్నీ పోయినవి. అంత గెలుపు గెలిచిన తరువాత కూడా ఆ దేహాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచడానికి కథకుడికి మనసు ఒప్పలేదు! పైగా శాపం మాట ఒకటి మిగిలిపోయింది. ఈనాటికీ ఇటువంటి బిడ్డ పుడితే “ఏ జన్మలో ఏ పాపమో” అని తల్లి ముఖం మీదనే అనేవారు మన మధ్య ఉన్నారు. ఆ తల్లి ఏ పాపమూ చేయలేదు. ఇది నేను గట్టిగా చెప్పదలచిన మాట గనుక ముందుగానే చెప్పివేస్తున్నాను.

ఇక సినిమాలు. ఈ విషయంలో అందరూ ముందు చెప్పేది 1989లో ఐర్లండులో తీసిన ‘మై లెఫ్ట్ ఫుట్’ అనే చిత్రం. ‘నా ఎడమపాదం’ అని అర్థం. జిమ్ షెరిడన్ దర్శకుడు. డబ్లిన్ నగరంలో 1932లో ఒక తాపీపనివాని ఇంట పుట్టిన క్రిస్టీ బ్రౌన్ జీవితకథ ఇది. ఆ తల్లికి 22 మంది పిల్లలు పుట్టగా 13 మంది బ్రతికి బట్టకట్టినారు. క్రిస్టీకి ఎడమపాదం ఒక్కటే చెప్పినట్టు వినేది. వైద్యులు ఈ బిడ్డ మీద ఆశ వదులుకొమ్మన్నారు. తల్లి వదులుకోలేదు. అయిదేళ్ళ వయసులో తోబుట్టువు చేతిలోని సుద్దముక్కను ఎడమకాలి వేళ్ళతో లాక్కొని నేలమీద గీత గీసినాడు. తల్లి పక్కన కూర్చుండి మొదటి అక్షరం దిద్దించింది. ఆ కాలితోనే బొమ్మలు వేసినాడు, పుస్తకాలు రాసినాడు. ఈ చిత్రానికి మూలమైన ఆత్మకథ 1954లో వచ్చింది.

డానియల్ డే లూయిస్ ఆ పాత్ర ధరించి ఉత్తమ నటుడిగా ఆస్కారు పొందినాడు. తల్లి వేషం వేసిన బ్రెండా ఫ్రికర్‌కు కూడా ఆస్కారు వచ్చింది. నా మటుకు ఆ చిత్రం ఆమెదే. ఏడవదు, ఉపన్యాసం ఇవ్వదు. పొయ్యి దగ్గర నిలబడి, కొడుకు బండి కోసం డబ్బాలో చిల్లర దాచుకుంటుంది. మన ఇళ్ళలో పోపులడబ్బాలో నోట్లు దాచుకునే అమ్మలను చూసినవారికి ఆమె పరాయిదిగా తోచదు.

ఆ నటుని శ్రమను గురించి కథలు కథలుగా చెబుతారు. చిత్రీకరణ జరిగినంతకాలం కుర్చీబండిలోనే ఉండేవాడట. అన్నం కూడా ఇతరులు తినిపించవలసి వచ్చేదట. అయినా ఒక చిక్కు వచ్చింది. ఆయనకు సుద్దముక్క పట్టడం కుడికాలితో కుదిరినట్టు ఎడమకాలితో కుదరలేదు. అందుచేత చాలా దృశ్యాలను అద్దంలో ప్రతిబింబంగా తీసినారు. ‘నా ఎడమపాదం’ అన్న చిత్రంలో మనం చూసే ఎడమపాదం చాలాచోట్ల కుడిపాదమే! ఇందులో మోసమేమీ లేదు, సినిమా అంటేనే అది. కానీ ఆ సంగతి తెలిసిన తరువాత నాకు ఒక ఆలోచన వచ్చింది. ఎడమపాదం ఒక్కటే పనిచేసే మనిషి నిజంగా ఉండి ఆ వేషం వేసి ఉంటే అద్దం అక్కరలేకపోను గదా.

చిత్రం మార్చిన సంగతులు మరికొన్ని ఉన్నవి. క్రిస్టీకి చికిత్స చేయించి, రచనలో మెళకువలు చెప్పినవాడు రాబర్ట్ కాలిస్ అనే వైద్యుడు. పుస్తకం తొలి ప్రతిని క్రిస్టీ నోటితో చెబుతూ తమ్ముని చేత రాయించినాడు. చిత్రంలో ఆ వైద్యుని స్థానంలో ఒక అందమైన వైద్యురాలు వచ్చింది. క్రిస్టీ ఆమెను ప్రేమించి భంగపడినట్టు కల్పించినారు. ఒక మగవాడు మరొక మగవానికి ఓపికగా వాక్యరచన నేర్పే దృశ్యం టిక్కెట్లు అమ్మదని నిర్మాతల భయం కావచ్చు. నాకు మాత్రం ఆ దృశ్యమే కావలసి ఉన్నది.

ఇప్పుడు మన తెలుగు సంగతి ఒకటి చెప్పనివ్వండి. 1985లో వచ్చిన ‘మయూరి’ మీలో చాలామంది చూసినారు. రామోజీరావుగారు నిర్మాత, సింగీతం శ్రీనివాసరావుగారు దర్శకులు. బస్సు ప్రమాదంలో కాలు పోగొట్టుకొని, జయపూరు పాదం తొడుక్కొని మళ్ళీ నాట్యం చేసిన సుధాచంద్రన్ కథ. ఆ వేషం సుధాచంద్రనే వేసింది. అది వేరే రకమైన వైకల్యం, ఒప్పుకుంటాను. కానీ ఈ బాధ అనుభవించినవారే తెరమీదికి రావాలా, ఇతరులు నటించవచ్చునా అని అమెరికాలోనూ ఇంగ్లండులోనూ ఈనాటికీ తెగని వాదం జరుగుతూ ఉంటే, తెలుగువారు ఏ వాదమూ లేకుండా ఆ పని ఒకసారి చేసి చూపించినారు. ప్రేక్షకులు విరగబడి చూసినారు కూడా. మరి ఆ దారిన మనం ఎందుకు నడవలేదన్నది ఆలోచించవలసిన విషయం.

సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారు తామే తెరకెక్కడం అమెరికా దూరదర్శనంలో 1980లో మొదలైనది. జెరీ జ్యూవెల్ అనే హాస్యనటి ‘ది ఫ్యాక్ట్స్ ఆఫ్ లైఫ్’ అనే ధారావాహికలో తరచు కనిపించేది. 2008 నుంచి 2013 వరకు నడిచిన ‘బ్రేకింగ్ బాడ్’ను మీ పిల్లలు చూసే ఉంటారు. అందులో కొడుకు వేషం వేసిన ఆర్. జె. మిట్టికి నిజంగానే ఈ స్థితి ఉన్నది, అయితే స్వల్పంగా. పాత్రకోసం ఊతకర్రలతో నడవడం, మాటను మరికొంత ముద్దగా పలకడం ఆయన నేర్చుకోవలసి వచ్చింది. అంటే ఉన్నవాడు కూడా నటించవలసిందే! ఆ పాత్రలో నాకు నచ్చినది ఏమంటే, కథ అతని ఊతకర్రలచుట్టూ తిరగదు. అతను ఉదయం ఫలహారం తింటాడు, తండ్రితో పోట్లాడతాడు, కారు కావాలంటాడు. ఇంట్లో ఒక కొడుకు, అంతే.

నేను ఎక్కువగా మెచ్చుకున్నది 2016 నుంచి 2019 వరకు వచ్చిన ‘స్పీచ్‌లెస్’ అనే హాస్య ధారావాహిక. జేజే అనే కుర్రవాడు మాట్లాడలేడు. తలకు కట్టిన కాంతిబాణంతో ఎదుట ఉన్న పలక మీది అక్షరాలను, మాటలను చూపిస్తాడు. పక్కనున్న సహాయకుడు వాటిని పైకి చదువుతాడు. ఆ వేషం వేసిన మైకా ఫౌలర్‌కు సెరిబ్రల్ పాల్సీ ఉన్నది. జేజే మహా అల్లరివాడు. వానిని చూసి కంటతడి పెట్టేవారిని వాడు ఆట పట్టిస్తాడు. మొదటి భాగంలోనే ఒక సంగతి ఉన్నది. తల్లి కొత్త బడికి తీసుకొని వెళితే, కుర్చీబండి ఎక్కడానికి వాలుదారి ఉన్నదని చూపిస్తారు. అది చెత్త తీసుకొనిపోయే దారి! ఆ తల్లి మండిపడుతుంది.

నవ్వు వచ్చింది గదా? మన కల్యాణ మంటపాలను ఒకసారి గుర్తు చేసుకోండి. ముందువైపు పాలరాతి మెట్లు. కుర్చీబండి వస్తే, “అటు వంటశాల పక్కనుంచి తీసుకురండి” అంటారు. గుండిగలు వచ్చే దారి, ఎంగిలి విస్తళ్ళు పోయే దారి. పెండ్లికి పిలిచిన చుట్టాన్ని ఆ దారిన రమ్మనడం మనకు మర్యాదలోపంగా ఇంతవరకు తోచలేదు.

మన దేశానికి వస్తే, 2014లో టొరంటోలో ప్రదర్శించి 2015లో ఇక్కడ విడుదల చేసిన ‘మార్గరీటా విత్ ఎ స్ట్రా’ను చెప్పుకోవాలి. దర్శకురాలు శోనాలీ బోస్. ఆమెకు ఈ విషయం ఇంటిలోనిదే. ఆమెకు దగ్గరి బంధువయిన మాలినీ చిబ్‌కు సెరిబ్రల్ పాల్సీ. ఆ మాలిని కోసమే తల్లి మిథూ ఆలూర్ 1972లో బొంబాయిలో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియాను స్థాపించినారు. మాలిని పెద్దదై, ఒక్క వేలితో మీటలు నొక్కి తన జీవితకథను రాసింది. ఇక చిత్రంలో లైలా అనే కాలేజీ అమ్మాయి కథ. వేషం వేసిన కల్కీ కోయెచ్లిన్‌కు ఈ స్థితి లేదు, కానీ బాగా సాధన చేసింది. జాతీయ పురస్కారాలలో ప్రత్యేక బహుమానం పొందింది. తల్లిగా మనకు చిరపరిచితురాలైన రేవతి నటించినారు. ఒక పాటల పోటీలో లైలా రాసిన పాటకు బహుమానం ఇస్తూ, పాట బాగున్నందుకు కాదు, రాసిన అమ్మాయి ఇటువంటిది గనుక ఇస్తున్నామన్నట్టు వేదికమీది ఆమె మాట్లాడుతుంది. లైలా సమాధానంగా వేలితో ఒక సంజ్ఞ చేస్తుంది. ఆ సంజ్ఞను నేను ఈ సభలో వర్ణించలేను. ఆమె చేసినది మాత్రం సబబే.

ఆ చిత్రంలో ప్రేమ వ్యవహారాలు మన పెద్దలలో కొందరికి మింగుడుపడలేదని విన్నాను. ప్రేమించే హక్కు తమ పిల్లలకు ఉన్నదనే ఒప్పుకోనివారు వీరికి ఉన్నదని ఒప్పుకుంటారా! 2018లో ‘జీరో’ అనే హిందీ చిత్రంలో అనుష్కా శర్మ ఈ స్థితి ఉన్న శాస్త్రవేత్తగా కనబడింది. దానిని గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు.

చెప్పవలసినది మన చెన్నపట్నం చిత్రాన్ని గురించి. రామ్ దర్శకత్వంలో వచ్చిన ‘పేరన్బు’. 2018లో రాటర్‌డామ్ ఉత్సవంలో చూపి, 2019 ఫిబ్రవరిలో ఇక్కడ విడుదల చేసినారు. మమ్ముట్టి తండ్రి, సాధన అనే అమ్మాయి కూతురు. మన రాజోలు అమ్మాయి అంజలి కూడా ఒక ముఖ్యమైన పాత్ర ధరించింది. తండ్రి గల్ఫులో కారు నడుపుకుంటూ చాలా ఏళ్ళు గడుపుతాడు. డబ్బు పంపడమే తన వంతు అనుకుంటాడు. బిడ్డ భారమంతా మోసి మోసి భార్య ఒకనాడు ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. తండ్రి తిరిగి వచ్చేసరికి కూతురుకి ఆయన ముఖం కొత్త. దగ్గరకు రానివ్వదు. ఆ అమ్మాయి అప్పుడే ఈడేరుతున్నది. నెలసరి వేళ బట్ట మార్చడానికి ఇంట్లో ఆడదిక్కు లేదు. తండ్రి చేయకూడదు, చేయకపోతే కుదరదు. మన భాషలో ఏ చిత్రమూ ఈ గడప దాటి లోపలికి చూడలేదు. పైగా ఆ బిడ్డకు కూడా యౌవనం వస్తుందని, కోరికలు పుడతాయని ఆ తండ్రి గ్రహించి నిలువునా చలించిపోయే ఘట్టం ఉన్నది. దానిని అసభ్యత లేకుండా తీసినారు.

పొట్టకూటికోసం ఊరు విడిచినవారం మనం గనుక ఆ తండ్రి మనకు మరింత దగ్గరవాడు. ఈ సభలో కూర్చున్నవారిలో కొడుకులు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్నవారు కొందరున్నారు. వారి ఇళ్ళలో బరువు ఎవరు మోస్తున్నారో వారికే ఎరుక.

అయితే ఆ చిత్రం మీద నాకు ఒక ఫిర్యాదు లేకపోలేదు. ఆ అమ్మాయి ఏమనుకుంటున్నదో మనకు చివరిదాకా తండ్రి ముఖం చూసి ఊహించుకోవడమే తప్ప, ఆమె వైపునుంచి తెలియదు. జేజేకు ఒక పలక ఉన్నది. క్రిస్టీకి సుద్దముక్క ఉన్నది. ఆమెకు ఏదీ ఇవ్వలేదు.

చట్టం మాట కొద్దిగా. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. సెరిబ్రల్ పాల్సీ అందులో ఉన్నది. 2024 జూలైలో సుప్రీంకోర్టు, ఒక హిందీ చిత్రాన్ని గురించి వచ్చిన వ్యాజ్యంలో, వికలాంగులను తెరమీద ఎట్లా చూపాలో కొన్ని సూత్రాలు చెప్పింది. వారిని తక్కువ చేసే హాస్యం వేరు, వారి అనుభవాన్ని అర్థం చేయించే హాస్యం వేరు అన్నది. కించపరిచే మాటలు విడిచిపెట్టమన్నది. ‘స్పాస్టిక్’ అన్న వైద్యుల మాట ఇంగ్లండులో బడిపిల్లల తిట్టుగా మారిపోయినందువల్లనే అక్కడి స్పాస్టిక్స్ సొసైటీ 1994లో తన పేరునే మార్చుకొన్నది. మన తిట్లు మనకు ఉన్నవి. వాటిని ఇక్కడ వల్లించను, మీకందరికీ వచ్చు.

ఇప్పుడు మన సంఘం సంగతి. మన నాటక విభాగం వారు ప్రతి ఉగాదికీ మంచి నాటిక వేస్తున్నారు, సంతోషం. కానీ నాలుగైదేళ్ళుగా చూస్తున్నాను, ప్రతి నాటికలోనూ ఒక నౌకరు పాత్ర ఉంటుంది. మూతి వంకర పెట్టి, చేయి మెలితిప్పి, నత్తితో మాట్లాడతాడు. పిల్లలు పగలబడి నవ్వుతారు. వేసే కుర్రవాడు మంచివాడు, మంచి నటుడు. వానికి ఏ దురుద్దేశమూ లేదు. అయితే మన సభ్యకుటుంబాలలో ఇటువంటి బిడ్డలున్న ఇళ్ళు కనీసం మూడు నాకు తెలుసు. చందా కడతారు, ప్రత్యేక సంచిక కొంటారు, సభకు మాత్రం ఒక్కరే వస్తారు. రెండవవారు బిడ్డతో ఇంట్లో ఉండిపోతారు. “తీసుకురండమ్మా” అని ఒక తల్లిని పిలిచినాను. “ఆ నాటిక అయిపోయిన తరువాత తీసుకువస్తానండీ” అన్నది. అప్పటికి హాలు తాళం వేస్తారు. కార్యవర్గం వారు వచ్చే ఏడు ఆ పాత్రను తీసివేయాలని నా ప్రార్థన. ఈ వేదికకు ఉన్న ఏడు మెట్ల పక్కన ఒక వాలు చెక్క కూడా వేయించాలి. వడ్రంగితో మాట్లాడినాను, ఖర్చు మన పూలదండల పద్దును మించదు.

చివరి సంగతి భాషను గురించి. ఈ ఊళ్ళో శిక్షణ ఇచ్చే సంస్థలు మంచివి ఉన్నవి. కొట్టూరుపురంలోని విద్యాసాగర్ 1985 నుంచి ఈ పిల్లలకోసం పనిచేస్తున్నది. కానీ మన బిడ్డలకు చాలాచోట్ల అందే పలకలు అరవంలోనో ఇంగ్లీషులోనో ఉంటవి. అది సహజమే, ఊరు అటువంటిది. ఇంట్లో మాత్రం అమ్మ తెలుగులో లాలిస్తుంది, నాయనమ్మ తెలుగులో కసురుతుంది. బిడ్డకు వినవచ్చేది తెలుగు, వేలుతో చూపవలసినది వేరొక భాష. మాట్లాడగలిగిన మన పిల్లలు వీధిలో మూడు భాషలు నేర్చేస్తారు. నోరు పెగలని బిడ్డ తన తల్లితో తల్లిభాషలో ఒక్క మాట చెప్పుకోవడానికి సాధనం లేకపోవడం అన్యాయం.

అందుచేత మన ఆదివారం తెలుగు తరగతి ఉపాధ్యాయినులు, నేను కలిసి ఒక అట్ట పలక తయారుచేసినాము. ద్వారం దగ్గర బల్లమీద ఉన్నది. ఒకవైపు అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు. రెండవవైపు ఇంట్లో వాడే మాటలు, బొమ్మలతో. ఆకలి, దాహం, నొప్పి, చలి, అమ్మమ్మ, బజారు, పెరుగన్నం, వద్దు. ఇంకా ఏ మాటలు ఉండాలో భోజనాలకు వెళ్ళేముందు దయచేసి కాగితం మీద రాసి ఇవ్వండి. ఒక ఇంట పన్నెండేళ్ళ అబ్బాయి చేత దానిని పరీక్ష చేయించినాము. అరగంట సేపు అక్షరం అక్షరం వేలు పెట్టి, ‘ఊరుకో నాన్నా’ అన్న మాట కూడా వేయమని అడిగినాడు. వేసినాము.